షార్ట్ ట్రాక్ రేసింగ్ క్లబ్‌కి కొత్త సీజన్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

మన వాళ్ళలో చాలామందికి కార్ రేసు అనగానే 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ గుర్తొస్తుంది. అమెరికాలో, అందులోనూ నార్త్ కరోలినా, వర్జీనియా వైపు రేసింగ్ అంటే వేరు. పావు మైలు నుంచి అర మైలు దాకా ఉండే చిన్న ఓవల్ ట్రాక్, శనివారం రాత్రి, ఫ్లడ్‌లైట్లు. పగలు ఏసీలు రిపేర్ చేసేవాళ్ళు, ట్రక్కులు నడిపేవాళ్ళు, స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్ళు సాయంత్రానికి సొంత కారు ట్రైలర్ మీద వేసుకొని వచ్చేస్తారు. మన దేశానికీ వీటికీ చిన్న బంధం కూడా ఉంది. ఫార్ములా వన్‌లో నడిపిన నరేన్ కార్తికేయన్ 2010 మార్చిలో నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే పెద్ద సంస్థ) ట్రక్ సిరీస్‌లో అడుగుపెట్టింది వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ అనే అర మైలు ట్రాక్ మీదే. 13వ స్థానంలో ముగించాడు.

ఇలాంటి ట్రాకుల్ని నమ్ముకొని రీజనల్ క్లబ్బులు నడుస్తాయి. చాలా క్లబ్బులకి సొంత ట్రాక్ ఉండదు. సభ్యులు, రూల్ బుక్, పాయింట్ల పట్టిక ఉంటాయి. నాలుగైదు ట్రాకులతో మాట్లాడుకొని ఏడాదికి పదీ పన్నెండు రేసులు పెట్టుకుంటారు. మీ పిల్లవాడు బ్యాండొలేరో అనే పిల్లల చిన్న రేసు కారు నడపడం వల్లో, మీరే సరదాగా వాలంటీర్‌గా చేరడం వల్లో ఒకనాటికి అలాంటి క్లబ్ కమిటీలో కూర్చుంటారు. వచ్చే సీజన్ ప్లాన్ మీరు చూడండి అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, దేని తర్వాత ఏది చేయాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్తాను. సీజన్‌ని ఛాంపియన్ కోసం ప్లాన్ చేయకండి. 15వ స్థానంలో వచ్చి, ఆదివారం డెంట్లు తీసుకొని, సోమవారం పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే మనిషి కోసం చేయండి. అతను మానేస్తే గ్రిడ్, అంటే రేసు మొదట్లో నిలబడే కార్ల వరస, పల్చబడుతుంది. గ్రిడ్ పల్చబడితే జనం రారు. జనం రాకపోతే ట్రాక్ వాళ్ళు వచ్చే ఏడాది మీకు డేట్ ఇవ్వరు. కింద చెప్పే ప్రతి నిర్ణయం దగ్గరా ఆ మనిషినే గుర్తు పెట్టుకోండి.

1. అక్టోబర్: మానేసిన వాళ్ళకి ఫోన్ చేయండి

సీజన్ అయిపోయిన రెండు వారాల్లోపే పని మొదలుపెట్టాలి. అందరికీ అన్నీ ఇంకా గుర్తుంటాయి. ముందు ఒక కాగితం మీద ప్రతి రేసుకి ఎన్ని కార్లు వచ్చాయో రాయండి. ఆ పక్కన మొదటి మూడు రేసులకి వచ్చి ఆ తర్వాత కనపడకుండా పోయిన డ్రైవర్ల పేర్లు రాయండి. ఈ రెండో జాబితాయే మీకు అసలు ముఖ్యం.

వాళ్ళకి మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఫోన్ చేయండి. "ఎందుకు మానేశారు?" అని అడిగితే మొహమాటానికి "టైం లేదండీ" అంటారు. "మళ్ళీ రావాలంటే మేమేం మార్చాలి?" అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి అసలు సంగతులు: టైర్ల ఖర్చు, ఆరు గంటల డ్రైవింగ్ ఉన్న ట్రాక్, రాత్రి ఒంటిగంట దాకా సాగిన రేసు, టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (కారు రూల్స్ ప్రకారం ఉందా అని చూసే తనిఖీ) తమకో న్యాయం ఇంకొకరికో న్యాయం జరిగిందన్న కోపం. ఏది ఎక్కువమంది నోట వినిపిస్తే దాని మీదే ముందు పని చేయండి. సభ్యుల మీటింగ్ పెట్టడం తప్పనిసరే గానీ మీటింగ్‌లో గట్టిగా మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఆ నలుగురే. మానేసినవాళ్ళు మీటింగ్‌కి రారు.

2. క్యాలెండర్: ఎన్ని రేసులు, ఏ రోజు

కొత్త కమిటీలు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. ఉత్సాహంలో 16 రేసులు ప్రకటిస్తారు. జూలై వచ్చేసరికి కార్లు సగమైపోతాయి. నా లెక్కలో ఇలా ట్రాకు ట్రాకుకీ తిరిగే టూరింగ్ క్లబ్‌కి 10 రేసులు మంచి సంఖ్య, 12 గరిష్ఠం. రెండు రేసుల మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. కారు గోడకి కొట్టుకుంటే సస్పెన్షన్ భాగాలు తెప్పించుకొని, సాయంత్రాలు కూర్చొని బిగించుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

రోజు ఎంచుకోవడం అనుకున్నంత తేలిక కాదు. వెర్మాంట్‌లోని బ్యారీ ఊరి కొండ మీద థండర్ రోడ్ అనే పావు మైలు ట్రాక్ ఉంది. 1960లో మొదలుపెట్టినవాళ్ళలో కెన్ స్క్వయర్ ఒకరు, తర్వాత టీవీ కామెంటేటర్‌గా దేశమంతా తెలిసిన మనిషి. ఆ ట్రాక్ గురువారం రాత్రి రేసులకి పేరుపడింది. కారణం, ఆ ఊరి గ్రానైట్ కార్మికులకి జీతం ముట్టేది గురువారం. విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియం సంగతి ఇంకో రకం. అది నగరానికి చెందిన ఫుట్‌బాల్ స్టేడియం, మైదానం చుట్టూ పావు మైలు ట్రాక్. 1949 నుంచి అక్కడ నాస్కార్ రేసులు జరుగుతున్నాయి. ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యేలోపే, ఆగస్టుకల్లా, వాళ్ళు రేసులు ముగించేస్తారు. మీరు కూడా ఇలాగే మీ ఊరి జీతాల రోజు, బళ్ళ సెలవులు, చర్చి వేళలు, ఏ రోజు ఎవరికి తీరుతుందో చూసి రోజు పెట్టుకోవాలి. పక్క క్లబ్ శనివారం పెట్టింది కాబట్టి మనమూ శనివారమే అనడం ప్లాన్ కాదు.

తేదీలు పెట్టేముందు వాడకూడని రోజులు కొట్టేయండి. ఈస్టర్, మదర్స్ డే వారాంతాలు వదిలేయండి. మెమోరియల్ డే వారాంతం షార్లెట్‌లో నాస్కార్ అన్నిటికంటే పెద్ద సిరీస్ అయిన కప్‌లో 600 మైళ్ళ రేసు ఉంటుంది, చుట్టుపక్కల జనమంతా అటే. ఆగస్టు చివర నుంచి శుక్రవారం రాత్రులు హైస్కూల్ ఫుట్‌బాల్‌వి, వాటితో పోటీ పడి గెలిచిన ట్రాక్ నాకు తెలియదు. తర్వాత పెద్ద రేసులు: మెయిన్‌లో ఆగస్టు చివర ఆక్స్‌ఫర్డ్ 250, ఇండియానాలో అక్టోబర్‌లో వించెస్టర్ 400, ఫ్లోరిడాలోని పెన్సకోలాలో డిసెంబర్ మొదట్లో స్నోబాల్ డెర్బీ. మీ సభ్యుల్లో ఒకరిద్దరు వాటికి వెళ్ళేవాళ్ళయితే చాలు, ఆ డేట్ మార్చండి. వెళ్ళేది ఆ ఇద్దరే అయినా వాళ్ళకి కారు పని చేసిపెట్టే నలుగురైదుగురు కూడా వెంట వెళ్తారు, వాళ్ళలో మీ ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఉంటారు.

ఇక వాన. తారు ట్రాక్ మీద వాడే టైర్లకి గాడులు ఉండవు, నున్నగా ఉంటాయి. చినుకు పడితే రేసు ఆగినట్టే. వాన ఆగినా వెంటనే మొదలుపెట్టలేరు. పాత ట్రాకుల్లో తారు పగుళ్ళలోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, వాటిని వీపర్స్ అంటారు. పైన ఎండ కాస్తుంటుంది, మూడో మలుపులో మాత్రం సన్నటి తడి గీత కనపడుతుంది. గంటన్నర నుంచి డ్రయర్ ట్రక్కు తిప్పుతున్నా ఆ గీత పోదు. అందుకని 10 రేసులకి రెండు వాన డేట్లు ముందే క్యాలెండర్‌లో పెట్టండి, ఏ రేసు పోతే ఏ డేట్‌కి జరుపుతామో కూడా రాయండి. రద్దు నిర్ణయం మధ్యాహ్నం 12 లోపు తీసుకోవాలి, ఒక్కరే ప్రకటించాలి. మూడు గంటల దూరం నుంచి డీజిల్ పోసుకొని వచ్చినవాణ్ణి గేటు దగ్గర వెనక్కి పంపితే వాడు మళ్ళీ రాడు.

3. ట్రాక్‌తో ఒప్పందం కాగితం మీద ఉండాలి

ట్రాక్ ప్రమోటర్లలో మంచివాళ్ళు ఎక్కువ. అయినా నోటిమాట మీద వెళ్ళొద్దు. ఈ ప్రశ్నలకి జవాబు రాతలో ఉండాలి: ప్రైజ్ మనీ ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు? ప్రేక్షకుల టికెట్ల డబ్బు ఎవరిది, పిట్ పాస్‌ల (కార్లు సిద్ధం చేసుకునే పిట్ లోపలికి వెళ్ళే పాస్‌లు) డబ్బు ఎవరిది? అంబులెన్స్, ఫైర్ సిబ్బంది, టో ట్రక్కుల ఖర్చు ఎవరిది? ప్రాక్టీస్ మొదలయ్యాక వాన పడితే పిట్ పాస్ వచ్చేసారి చెల్లుతుందా? లైవ్ స్ట్రీమింగ్ హక్కులు ఎవరివి? ఈ చివరిది పాత ఒప్పందాల్లో ఉండేది కాదు, ఇప్పుడు గొడవలన్నీ దీని దగ్గరే వస్తున్నాయి.

ఒప్పందంలో క్లబ్ వైపు నుంచి కనీసం ఇన్ని కార్లు తెస్తామని రాయమంటారు. 24 అని గొప్పకి పోకండి. నిరుడు సగటున 18 వచ్చి ఉంటే 16 అని రాసి 19 తీసుకెళ్ళండి. ప్రమోటర్‌కి మీ మీద గురి కుదరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

4. రూల్ బుక్: తక్కువ మార్చండి, ముందే చెప్పండి

కొత్త రూల్స్ నవంబర్ చివరికల్లా సభ్యుల చేతిలో ఉండాలి. డిసెంబర్‌లో ఇండియానాపొలిస్‌లో రేసింగ్ విడిభాగాల పెద్ద ఎగ్జిబిషన్ ఉంటుంది. కొనేవాళ్ళు అక్కడే కొనేస్తారు, చలికాలమంతా గరాజ్‌లో కారు కట్టుకుంటారు. ఫిబ్రవరిలో మీరు షాక్ అబ్జార్బర్ల రూల్ మార్చారంటే డిసెంబర్‌లో కొన్నవాడి డబ్బు బూడిదలో పోసినట్టే. ప్రాణభద్రతకి సంబంధించినవి తప్ప ఏ రూల్‌నీ సీజన్ మధ్యలో మార్చబోమని మొదటి పేజీలోనే రాయండి.

ఖర్చు అదుపులో ఉండాలంటే రెండు చోట్ల పట్టు బిగించాలి. ఒకటి ఇంజిన్. జనరల్ మోటార్స్ 602, 604 అనే రెండు క్రేట్ ఇంజిన్లు, అంటే పెట్టెలో రెడీమేడ్‌గా వచ్చేవి, అమ్ముతుంది. మొదటిది 350 హార్స్‌పవర్, రెండోది 400. ఫ్యాక్టరీలోనే బోల్టులకి సీల్ వేసి వస్తాయి, విప్పితే తెలిసిపోతుంది. సొంతంగా కట్టించిన ఇంజిన్‌కయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మీ క్లబ్‌లో రెండు రకాలూ నడుస్తుంటే క్రేట్ ఇంజిన్ కారుకి బరువులో కొంత వెసులుబాటు ఇచ్చి సమానం చేయండి. ఎంత ఇవ్వాలన్నది ప్రీ సీజన్ టెస్ట్‌లో స్టాప్‌వాచ్ చూసి తేల్చుకోండి, వాదనలతో కాదు.

రెండోది టైర్లు. సీజన్ పొడుగునా తడిసి మోపెడయ్యే ఖర్చు ఇదే. ఒకే కంపెనీ, ఒకే కాంపౌండ్ (రబ్బరు రకం) అని రూల్ పెట్టండి. మొదటి రేసుకి నాలుగు కొత్త టైర్లు, ఆ తర్వాత రేసుకి రెండే అనండి. టైర్ల బార్‌కోడ్ నంబర్లు రాసుకుంటే ఎవరు ఏది ఎప్పుడు కొన్నారో తెలుస్తుంది. రబ్బరు మెత్తబడడానికి రసాయనాలు పూసేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. పట్టు పెరుగుతుంది కదా అని పూస్తారు గానీ, ఆ రసాయనాలు చర్మానికీ ఊపిరికీ మంచివి కావు. డ్యూరోమీటర్ అనే పరికరంతో రబ్బరు గట్టిదనం చూడండి. అనుమానం వస్తే నమూనా కోసి ల్యాబ్‌కి పంపే హక్కు క్లబ్‌కి ఉందని రాసుకోండి. 2022లో టైర్లు దొరక్క చాలా ట్రాకులు ఇబ్బంది పడ్డాయి. అందుకే జనవరిలోనే సప్లయర్‌తో మాట్లాడి మొత్తం సీజన్‌కి ఎన్ని కావాలో ఆర్డర్ ఇవ్వండి.

తూకం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. బరువు ఎంత ఎడమ పక్కకి జరిగితే మలుపులో కుడి టైర్ల మీద భారం అంత తగ్గి కారు అంత వేగంగా తిరుగుతుంది. అందుకే ఎడమ పక్క ఇంత శాతం మించకూడదని రూల్ ఉంటుంది. 58 శాతం అనుకుందాం. డ్రైవర్ కూర్చున్నాక కారు 2,800 పౌండ్లు తూగితే ఎడమ వైపు 1,624 దాటకూడదు. నాలుగు చక్రాల కింద నాలుగు పళ్ళేలు పెట్టి తూస్తారు. నేల ఒక మూల రవ్వంత పల్లంగా ఉన్నా లెక్క మారిపోతుంది. ఒక ట్రాక్‌లో 57.9 చూపించిన కారు ఇంకో ట్రాక్‌లో 58.3 చూపిస్తుంది. డ్రైవర్ అరుస్తాడు, అతని తప్పూ ఉండదు.

దీనికి మందు ఒకటే. క్లబ్ సొంత తూకం కొనండి. ప్రతి ట్రాక్‌లో మధ్యాహ్నమే నేల మట్టం చూసి, కింద పలకలు పెట్టి సరిచేసి, అందరికీ తెరిచి పెట్టండి. ఎవరైనా వచ్చి ఎన్నిసార్లయినా తూచుకోవచ్చు. రేసు తర్వాత అదే తూకం, అదే చోటు, ఆఖరి మాట. "మా ఇంటి దగ్గర సరిగ్గానే ఉంది" అన్న వాదనకి ఇక చోటుండదు.

5. డబ్బు: గెలిచినవాడికి కాస్త తగ్గించినా పర్వాలేదు

లెక్క కోసం ఒక రాత్రికి 20 కార్లు, ప్రైజ్ మనీ 5,000 డాలర్లు అనుకుందాం. మొదటి ఐదుగురికి 1,000, 600, 450, 350, 300. ఆరు నుంచి పది దాకా తలా 200. పదకొండు నుంచి ఇరవై దాకా తలా 130. సరిగ్గా 5,000. ఇప్పుడు పోస్టర్ మీద గొప్పగా కనపడాలని గెలిచినవాడికి 1,500 అన్నారనుకోండి. ఆ 500 ఎక్కడో తగ్గాలి. వెనక పదిమంది దగ్గర కోస్తే వాళ్ళకి 130 కాస్తా 80 అవుతుంది. వెంట ముగ్గురు స్నేహితుల్ని తెచ్చుకున్నవాడికి ఆ 80 పిట్ పాస్‌లకే సరిపోదు. గెలిచేవాడు 1,000 ఉన్నా 1,500 ఉన్నా వస్తాడు. వెనకవాడు అలా కాదు, ఇంటికెళ్ళి భార్యతో కూర్చొని లెక్క వేసుకుంటాడు.

స్పాన్సర్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు "ఎంతైనా ఇవ్వండి" అనకుండా ఒక నిర్దిష్టమైన వస్తువు అడగండి. టైర్ల షాపుని 'కష్టపడి ఎదిగినవాడి బహుమతి' కింద ప్రతి రేసుకి ఒక టైర్ అడగండి. ఎక్కువ స్థానాలు ముందుకి వచ్చిన డ్రైవర్‌కి అది ఇస్తారు. ఏసీ కంపెనీని సీజన్ మొత్తానికి డ్రైవర్ల మంచినీళ్ళ ఖర్చు అడగండి. మన తెలుగువాళ్ళ రెస్టారెంట్ ఉంటే ఒక రాత్రి వాలంటీర్ల భోజనం అడగండి. రాత్రి తొమ్మిదికి జెండా మనిషికి వేడి బిర్యానీ పెట్టిన దుకాణం పేరు పిట్‌లో అందరికీ గుర్తుంటుంది.

క్లబ్ ఖాతాలో కనీసం రెండు రేసుల ఖర్చు ఎప్పుడూ మిగిలి ఉండాలి. వరసగా రెండు వానలు పడితే నిలబెట్టేది ఆ డబ్బే. రిజిస్ట్రేషన్ రోజే ప్రతి కారు ఓనర్ దగ్గరా డబ్ల్యూ-9 అనే టాక్స్ వివరాల ఫారం తీసుకోండి, ఏడాది చివర టాక్స్ కాగితాలు పంపాల్సి వస్తే వాళ్ళ వెంట పడక్కర్లేదు. ఎంత దాటితే పంపాలన్నది మీ సీపీఏని (అకౌంటెంట్‌ని) అడగండి.

6. సేఫ్టీ, ఇన్సూరెన్స్

ఈ విషయంలో ఎవరి మొహమాటమూ పనికిరాదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి గుద్దుకొని చనిపోయాడు. పుర్రె అడుగు భాగం పగలడం కారణం. తలనీ మెడనీ పట్టి ఉంచే పరికరాన్ని ఆ ఏడాది అక్టోబర్‌లో నాస్కార్ తన పెద్ద సిరీస్‌లో తప్పనిసరి చేసింది. అంత పెద్ద డ్రైవర్‌కి జరిగింది పావు మైలు ట్రాక్ మీద జరగదని ఎవరూ అనుకోకూడదు. ఎంత చిన్న క్లాస్ అయినా ఆ పరికరం లేకుండా కారు ఎక్కనివ్వద్దు.

హెల్మెట్ మీద స్నెల్ (హెల్మెట్లు పరీక్షించే సంస్థ) వాళ్ళ ఎస్ఏ ముద్ర, అంటే కార్ రేసులది, ఉందో లేదో చూడండి. ఎం అని ఉంటే అది మోటార్ సైకిల్‌ది. మంటని తట్టుకునే పరీక్ష దానికి చేయరు. సీట్ బెల్టుల మీద ఎస్ఎఫ్ఐ (రేసింగ్ సామాను ప్రమాణాల సంస్థ) లేబుల్, తేదీ ఉంటాయి, రెండేళ్ళు దాటితే మార్చాల్సిందే. చూడడానికి కొత్తగా ఉన్నా సరే, ఎండకీ తేమకీ దారం బలం పోతుంది. మార్చిలో ఒక శనివారం పెట్టి అందరి సామానూ పరీక్షించి స్టిక్కర్ వేసేయండి. మొదటి రేసు రోజున గేటు దగ్గర వరస కట్టించి ఈ పని పెట్టుకుంటే అందరికీ టెన్షన్. డబ్బు లేక పాత బెల్టుతో వచ్చినవాణ్ణి పంపించేయడం కంటే క్లబ్ తరఫున ఒకట్రెండు కొత్త సెట్లు కొని ఉంచి వాయిదాల మీద ఇవ్వడం మంచిది.

ఇన్సూరెన్స్ సాధారణంగా ట్రాక్‌ది ఉంటుంది. ఆ సర్టిఫికెట్ కాపీ, అందులో మీ క్లబ్ పేరు ఉండాలి. మోటార్ స్పోర్ట్స్ పాలసీలు అందరు ఏజెంట్లూ చేయరు, ఆ పనే చేసే ఏజెంట్ దగ్గరికి వెళ్ళండి. పిట్‌లోకి అడుగుపెట్టే ప్రతి మనిషీ రిలీజ్ ఫారం (ప్రమాదం జరిగితే దావా వేయనన్న కాగితం) మీద సంతకం చేయాలి. మైనర్ల విషయంలో తల్లిదండ్రులిద్దరి సంతకమూ సీజన్ మొదట్లోనే తీసుకోండి. ఇంకొకటి: అంబులెన్స్ ఎవరినైనా తీసుకెళ్ళిపోతే ఇంకోటి వచ్చేదాకా ఒక్క కారు కూడా కదలకూడదు. అందుకే రెండో అంబులెన్స్ ఎంత దూరంలో ఉంటుందో ఒప్పందం రాసుకునే రోజే అడగండి.

7. పాయింట్లు

సులువుగా ఉండాలి. గెలిచినవాడికి 50, ఆ తర్వాత ఒక్కో స్థానానికి రెండు తగ్గించుకుంటూ పోతే చాలు, పిల్లలు కూడా లెక్క వేసుకుంటారు. ప్రతి డ్రైవర్‌కీ అధ్వాన్నంగా పోయిన రెండు రేసులు లెక్కలోంచి తీసేయండి. ఇంట్లో పెళ్ళి, ఉద్యోగంలో షిఫ్ట్, ఇంజిన్ పేలడం, ఇలాంటివి ఒకసారి జరిగినంత మాత్రాన సీజన్ పోయిందని కారు అమ్ముకునే పరిస్థితి రాకూడదు. రూల్ తప్పి డిస్‌క్వాలిఫై అయిన రేసుని మాత్రం తీసేయడానికి వీల్లేదు. సగం ల్యాపులు అయ్యాక వాన వస్తే ఫలితం ఖాయం. ఇద్దరికి సమానంగా వస్తే ఎక్కువ గెలుపులు ఉన్నవాడు ముందు. ఇంతే.

8. మనుషులు

రేస్ డైరెక్టర్, జెండా మనిషి, టెక్ ఇన్‌స్పెక్టర్, స్కోరర్, పిట్ స్టీవర్డ్. ఈ ఐదుగురూ జనవరికల్లా ఖాయం కావాలి, ప్రతి ఒక్కరికీ ఒక ప్రత్యామ్నాయం ఉండాలి. అందరిలోకీ టెక్ ఇన్‌స్పెక్టర్‌ని వెతకడం కష్టం. రేసింగ్ తెలిసి ఉండాలి, ఇంట్లో ఎవరూ రేసు చేస్తూ ఉండకూడదు. అలాంటి మనిషి దొరికితే మంచి డబ్బే ఇవ్వండి, సీజనంతా ఆయన్నే ఉంచండి. ప్రతి రేసుకీ ఒకరు మారితే రూల్ బుక్ ఒకటే అయినా కొలతలు పదిరకాలుగా వస్తాయి.

అప్పీల్ వినడానికి ముగ్గురు పెద్దమనుషులు వేరుగా ఉండాలి. రేసు రాత్రి వేడిలో తీర్పు చెప్పొద్దు, బుధవారం చెప్తామని రాసుకోండి. జెండా ఊపినవాడి మీద అరిచిన డ్రైవర్‌కి ఏం శిక్షో కూడా ముందే రాయండి. వాలంటీర్లు దూరమయ్యేది జీతం చాలక కాదు, మాటలు పడలేక.

9. ఒక రాత్రి ఎన్నింటికి అయిపోవాలి

వెనక నుంచి లెక్క వేయండి. చాలా ట్రాకులకి చుట్టుపక్కల ఇళ్ళ వల్ల రాత్రి 11 దాటకూడదన్న షరతు ఉంటుంది. మీ మెయిన్ రేసు 75 ల్యాపులు, ల్యాప్‌కి 16 సెకన్లు అనుకోండి. ఆగకుండా నడిస్తే 20 నిమిషాలు. ఎప్పుడూ అలా నడవదు. ప్రమాదం జరిగితే అందరూ నెమ్మదించమని చూపే యెల్లో జెండా కింద తిరిగిన ల్యాపులు లెక్కలోకి రావు, ఒక్కో యెల్లోకి ఐదు నిమిషాలు పోతాయి. ఎనిమిది యెల్లోలు పడితే 40 నిమిషాలు, మొత్తం గంట. దాని ముందు హీట్ రేసులు (మెయిన్ రేసుకి ముందు పెట్టే చిన్న రేసులు), ఇంకో మూడు నాలుగు క్లాసుల రేసులు. ఇవన్నీ కూడితే క్వాలిఫయింగ్ (ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే రౌండ్) ఎన్నింటికి మొదలవ్వాలో మీకే తెలుస్తుంది.

జాతీయ గీతం అయ్యాక ఐదు నిమిషాల్లో మొదటి గ్రీన్ జెండా పడాలి. రెండుసార్లు యెల్లోకి కారణమైన కారు పిట్‌కి వెళ్ళాలన్న రూల్ పెట్టండి, సగం సమయం అక్కడే కలిసొస్తుంది. 10 గంటలకి నిద్రమొహంతో తండ్రి భుజం మీద వాలిన పిల్లలు స్టాండ్‌లో కనపడితే ప్రోగ్రామ్ పొడుగైందని అర్థం. ఆ కుటుంబం మళ్ళీ టికెట్ కొనాలంటే 9:45కి మెయిన్ రేసు అయిపోవాలి, పిల్లలు గెలిచిన డ్రైవర్ దగ్గర సంతకం తీసుకోవాలి.

10. మార్చి టెస్ట్, మొదటి రేసు, ఆ సోమవారం

మొదటి రేసుకి మూడు వారాల ముందు ఒక ఓపెన్ టెస్ట్ పెట్టండి. డ్రైవర్లకి ప్రాక్టీస్, మీకు రిహార్సల్. ట్రాన్స్‌పాండర్లు (ల్యాపులు లెక్కపెట్టడానికి కారుకి బిగించే పరికరాలు) అన్నీ పలుకుతున్నాయా, డ్రైవర్ చెవిలో రేస్ డైరెక్టర్ మాట వినపడుతోందా, తూకం పళ్ళేలు సరిగ్గా ఉన్నాయా, స్కోరింగ్ కంప్యూటర్ పాడైతే కాగితం మీద ల్యాపులు రాసే మనిషి ఉన్నాడా, అన్నీ ఆ రోజే చూసుకోవాలి. కావాలని ఒక కారుని మూడో మలుపులో ఆపి, ఫైర్ వాళ్ళు ఎన్ని సెకన్లలో చేరుతున్నారో స్టాప్‌వాచ్ పట్టుకొని చూడండి. ఎక్కువ సమయం పడితే వాళ్ళ ట్రక్కు నిలబెట్టే చోటు మార్చండి.

మొదటి రేసు రోజు డ్రైవర్స్ మీటింగ్ పది నిమిషాలు మించొద్దు. కొత్త రూల్స్ రెండు, వాన సంగతి, రీస్టార్ట్ ఎక్కడ నుంచి, అంతే. కొత్తగా వచ్చిన డ్రైవర్ల పేర్లు చదివి, ఒక్కొక్కరికీ ఒక సీనియర్‌ని తోడు ఇవ్వండి. కొత్తవాళ్ళ కారు వెనక బంపర్ మీద పసుపు టేప్ అతికిస్తే వెనక వచ్చేవాళ్ళు కాస్త చోటిస్తారు.

సోమవారం సాయంత్రానికి ఫలితాలు, పాయింట్లు, టెక్‌లో ఎవరి కారు ఏమేం చూశామో సభ్యులందరికీ పంపండి. ఆ తర్వాత మొదటి రేసుకి రిజిస్టర్ చేసుకొని రాని వాళ్ళ జాబితా తీసి ఫోన్ దగ్గర కూర్చోండి. రెండో రేసుకి ఇంకా రెండు వారాలుంది. ఒకరికి గేర్‌బాక్స్ అరువు కావాలి, ఇంకొకరికి ట్రైలర్ లాగే బండి లేదు. ఆ రెండూ ఇంకో సభ్యుడి షెడ్డులో ఖాళీగా పడి ఉంటాయి.